కాలువ పక్కన ఇల్లు కొనబోతున్న మా అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు విజయవాడ పక్కన ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలువ పక్కన ఇల్లు చూసుకున్నావని, ఈ వారంలో బయానా ఇవ్వబోతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. సొంత సంపాదనతో ఇల్లు కొంటున్నావన్న మాట వినగానే మీ పెద్దమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది. నాకు మాత్రం ఎంత సంతోషమో అంత బెంగ పట్టుకుంది. ఉద్యోగమంతా కాలువ గట్ల మీదే గడిపినవాణ్ణి, ఆ ఊరి పేరు వింటే నాకు ముందు గుర్తొచ్చేది నీళ్లే. అందుకే ఫోనులో చెప్పకుండా తీరికగా రాస్తున్నాను. ఇది చదివేదాకా బయానా ఇవ్వకు.

కాగితాల సంగతి నీకు తెలిసిందే. తాకట్లున్నాయేమో చెప్పే ఈసీ, పాత యజమానుల లింకు డాక్యుమెంట్లు, రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22ఏ జాబితా, ప్లాను అనుమతి, అన్నీ లాయరు చేత చూపించు. వెడల్పు 10 మీటర్లు దాటిన కాలువకైనా వాగుకైనా 9 మీటర్లు, అంతకు లోపు వాటికి 2 మీటర్లు వదిలి కట్టాలని నిబంధన. టేపు పట్టి నువ్వే కొలుచుకో. బ్యాంకు అప్పు ఇస్తోంది కాబట్టి ఫరవాలేదని మీ నాన్న అంటున్నాడు. బ్యాంకువాళ్లు చూసేది హక్కు ఎవరిది, ఇల్లు ఎంత చేస్తుంది అన్నదే, నీళ్లు ఎంతవరకు వస్తాయన్నది వాళ్లు చూడరు.

గట్టు ఎత్తుగా ఉంది, ఈ కాలువ ఎప్పుడూ పొంగలేదు అని అమ్మేవాళ్లు నీకు ధైర్యం చెప్పారట. వాళ్లు చెప్పింది నిజమే కావచ్చు. ఏలూరు కాలువకు ప్రకాశం బ్యారేజీ దగ్గర తలుపులున్నాయి, ఎన్ని నీళ్లు వదలాలో మనిషి చేతిలో ఉంటుంది. పైగా డెల్టాలో సాగునీటి కాలువలను మెరక పట్టుకునే తవ్వారు, రెండు పక్కలా పొలాలకు నీరు పారాలి కదా. వాన నీరు, వాగు నీరు చేరేది పల్లంలోకి. నువ్వు భయపడవలసింది ఆ పల్లంలో పారే బుడమేరుకు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేటికి పోయే ఆ వాగు, మీ ఎనికేపాడు దగ్గరే ఏలూరు కాలువ కింద సొరంగంలోంచి దాటుతుంది. ఆ సొరంగం తూములకు గుర్రపుడెక్క అడ్డం పడినా, పూడిక చేరినా, పైనుంచి వచ్చిన నీరు అక్కడ నిలవక తప్పదు. నువ్వు చూసిన ఇల్లు సొరంగానికి ఎగువనా, దిగువనా? ఎంత దూరం? ఈ రెండూ నాకు రాసి పంపు.

ఇక మీ మామయ్య ఇంటి కథ. నీకు సగమే తెలుసు, అప్పటికి చిన్నదానివి.

2006 వేసవిలో మామయ్య విజయవాడలో సింగ్‌నగర్ వైపు ఇల్లు కొన్నాడు. అంతకు ముందు ఏడాదే, 2005 సెప్టెంబరులో, బుడమేరు ఆ పేటలను ముంచింది. ఆయన ఆ సంగతి అడగకుండా ఏమీ లేడు, అడిగాడు. కానీ అడిగింది అమ్మేవాణ్ణి, మధ్యవర్తిని. 'వీధిలోకి వచ్చాయి, మన గడప ఎక్కలేదు' అన్నారు. మే నెల మిట్టమధ్యాహ్నం వెళ్లి చూస్తే బుడమేరు గుర్రపుడెక్క నిండిన మురుగు గుంటలా ఉంది. ఇంటికి కొత్తగా రంగు వేశారు. వీధి నుంచి గడపకు ఐదు మెట్లు. ఇంకేం కావాలి అనుకున్నాడు.

శ్రావణ మాసంలో మీ అత్తయ్య దేవుడి గూడు శుభ్రం చేస్తూ లోపలి చెక్కను పక్కకు జరిపింది. దాని వెనక గోడకు రంగు వేసినవాడి కుంచె అందలేదు. అక్కడ నా మొలకంటే కాస్త పైన, ఎండిన ఒండ్రు గీత తిన్నగా ఉంది. గోటితో గీకితే పొడి రాలింది. అత్తయ్య నన్ను పిలిచి చూపించింది. నేను చూసి మామయ్యతో గట్టిగానే మాట్లాడాను, అమ్మేసి వచ్చెయ్యమన్నాను. కొన్న మూడు నెలలకే అమ్మితే నష్టం వస్తుంది, మళ్లీ అంత వరద రాదులే అన్నాడు. ఏళ్లు గడిచాయి, నిజంగానే రాలేదు. ఈలోగా వీధిలో రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా దాని మీదే వేశారు. ఐదు మెట్లలో మూడు రోడ్డు కిందికి పోయాయి. ఇల్లు ఉన్నచోటే ఉంది, వీధి పైకి లేచింది.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు మళ్లింపు కాలువకు పైన మూడు చోట్ల గండ్లు పడ్డాయి. ఆ నీరు పోయి కలవవలసింది కృష్ణలో, కృష్ణేమో తానే నిండి ఉంది. మర్నాటికి బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, 2009 వరదను కూడా మించిపోయింది. మామయ్య వాళ్లు లేచేసరికి మంచం కోళ్లు మునిగాయి. కరెంటు లేదు. వంటింట్లో ఫ్రిజ్ తేలి, వెల్లకిలా తిరిగి, పెరటి తలుపుకు అడ్డం పడింది. డాబా మెట్లు ఇంటి బయట, వీధి వైపు. మోకాళ్ల నొప్పుల అత్తయ్యను ఆ చీకట్లో, గుండెల లోతు నీళ్లలో ఆ మెట్ల దాకా తీసుకువెళ్లడం ఎంత కష్టమైందో మామయ్య ఇప్పటికీ పూర్తిగా చెప్పడు.

అందుకే నిన్ను బతిమాలుకుంటున్నాను. డాబా మెట్లు ఇంటి లోపలినుంచే ఉండాలి. ఇల్లు మిగతా అన్నిటిలో బాగున్నా, ఇది లేకపోతే కట్టించుకోవడానికి వీలుందా అని చూడు. మీ నాయనమ్మ నీతోనే ఉంటానంటోందట, ఆవిడ గది మేడ మీద వద్దనుకుంటారు మీరు. కింద గదిలో పడుకునే ముసలావిడ రాత్రిపూట పైకి ఎలా చేరుతుందో ఆలోచించకుండా ఆ ఇల్లు కొంటే నేను ఒప్పుకోను.

ఇంటిని చూడటానికి వెళ్లినప్పుడు రంగు వేసిన గోడలు వదిలెయ్యి. అటకల కింద, అలమారాల వెనక, మెట్ల కింద గదిలో టార్చి వేసి చూడు. గుమ్మాల ద్వారబంధాలు అడుగున ఉబ్బి ఉన్నాయా? స్విచ్ బోర్డులు ఎప్పుడైనా పైకి జరిపారా? జరిపి ఉంటే ఎందుకో అడుగు. 2024లో నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఆ వీధి ఇస్త్రీ బండి ఆయనను, పాలు పోసే ఆమెను, అద్దెకుండేవాళ్లను అడుగు. వాళ్లకు ఆ ఇల్లు అమ్ముడుపోయినా పోకపోయినా ఒకటే. వాళ్లు చూపించిన గుర్తు నుంచి మీ గడపకు ఎంత తేడానో, ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ మిషన్‌తో తీయించాలి. ఫోనులో చూపించే ఎత్తును నమ్మకు, అది మీటర్ల కొద్దీ తప్పు చూపిస్తుంది. మనకు కావలసింది అడుగుల లెక్క.

వీలుంటే కాలువకు నీళ్లు కట్టేసిన వేసవిలో ఒకసారి, నీళ్లు వదిలాక ఒకసారి ఇల్లు చూడు. కాలువ పారుతున్నప్పుడు గట్టు పక్క ఇళ్లలో ఊట వచ్చి గోడలు చెమ్మగిల్లుతాయి. ఊట నీరు తేటగా ఉంటే ఇబ్బందే తప్ప అపాయం తక్కువ. గట్టు ఇవతల మట్టి కలిసిన నీరు ఊరుతుంటే మాత్రం లోపల గట్టు కొట్టుకుపోతున్నట్టు. వానాకాలం రాత్రుళ్లు కాలువ కాపలా చూసే లస్కర్లతో కలిసి లాంతరు పట్టుకుని ఎలుక బొరియలు, ఎండ్రకాయ బొరియలు వెతుకుతూ నడిచేవాళ్లం. దోసిట్లో ఊట నీరు పట్టి లాంతరు దగ్గర పెట్టి రంగు చూసేవాళ్లం. మీ నాన్న అప్పుడు ఇంటర్ చదువుతున్నాడు, వద్దంటున్నా నాకు క్యారియర్ తెచ్చి గట్టు మీదే నిద్రపోయేవాడు. అంత ధైర్యం నీకూ వచ్చింది, సంతోషం. కొంచెం నా భయం కూడా తెచ్చుకో తల్లీ.

కొన్నాక బీమా మరచిపోవద్దు. భారత్ గృహ రక్ష పాలసీలో వరద నష్టం కూడా ఉంటుంది. సామానుకు ఎంతవరకు ఇస్తారో చదివి తీసుకో.

సర్వే నంబరు, ఇంటి ముందు రోడ్డు ఫొటో నాకు పంపు. లెవెల్ తీసే కుర్రవాడు నాకు తెలుసు, వాడిని వెంటబెట్టుకుని శనివారం పొద్దున్నే బస్సుకు వస్తాను. బయానా సోమవారం దాకా ఆగదంటే ఆ బేరం వదులుకో, ఇంకో ఇల్లు నేను కూడా తిరిగి వెతుకుతాను. సొరంగం దాకా గట్టు మీద నడవాలి, రబ్బరు చెప్పులు వేసుకుని రా.

మీ పెదనాన్న