ఆర్చి బ్రిడ్జి లేబుల్: ఇంక్‌స్కేప్ పెన్ టూల్ నుంచి రేడియం కటింగ్ దాకా

మీరు అడిగింది ఇదీ: ఆత్రేయపురం పూతరేకుల డబ్బా మూతకి 180 × 90 మిల్లీమీటర్ల లేబుల్ ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో గీస్తున్నారు. పైన రాజమండ్రి ఆర్చి బ్రిడ్జి, మూలల్లో నర్సాపురం లేసు పువ్వు, కింద షాపు పేరు. కమాను గతుకులుగా వస్తోంది. ప్రెస్సులో ఫైలు తెరిస్తే తెలుగు అక్షరాలు చెదిరిపోయాయి. అదే పేరు షాపు అద్దానికి రేడియం కట్ చేయిస్తే ‘శ్రీ’ రెండు ముక్కలై ఊడొచ్చింది.

మూడూ వేర్వేరు జబ్బుల్లా కనిపిస్తాయి గానీ మూలం ఒక్కటేనండి. తెర మీద మీరు చూస్తున్నది రంగు. ఫైల్లో ఉన్నది మాత్రం కొన్ని నోడ్లు, అంటే చుక్కలు, వాటిని కలిపే గీత. కంట్రోల్ పట్టుకుని నంబర్ ప్యాడ్‌లోని 5 నొక్కుతూ పోతే అవుట్‌లైన్ మోడ్ వస్తుంది: రంగులన్నీ పోయి ఉత్త గీతలు మిగులుతాయి. కటింగ్ మెషీన్‌కి కనబడేది అదే. పని మధ్యలో పది నిమిషాలకోసారి అందులోకి వెళ్లి చూసే అలవాటు చేసుకుంటే, షాపులో బయటపడే తప్పుల్లో చాలావరకు ఇంట్లోనే దొరికిపోతాయి.

ముందు కమాను. గతుకులు చెయ్యి వణికినందుకు రావు, నోడ్లు ఎక్కువైనందుకు వస్తాయి. కొత్తల్లో అందరూ ఫోటో వెంబడి చుక్క తర్వాత చుక్క పెట్టుకుంటూ పోతారు, ముగ్గుకి పెట్టినట్టు. ముగ్గుకి చుక్కలు ఆధారం. ఇక్కడ మాత్రం పెట్టిన ప్రతి నోడూ గీత దారి తప్పడానికి ఇంకో అవకాశం. ఆర్చి బ్రిడ్జి కమానుకి కావలసినవి రెండే నోడ్లు, రెండు పాదాల దగ్గర. వంపంతా హ్యాండిల్స్, అంటే నోడ్ నుంచి బయటికి వచ్చే లాగుడు పుల్లలు, చూసుకుంటాయి.

లెక్కతో చూపిస్తాను. డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లో యూనిట్ మిల్లీమీటర్లకి మార్చి, 1 మిల్లీమీటరు గ్రిడ్ పెట్టుకోండి. స్నాపింగ్ ఆన్‌లో ఉండాలి. కమాను పొడవు 24, ఎత్తు 6 అనుకుందాం. బి నొక్కితే పెన్ వస్తుంది. ఎడమ పాదం దగ్గర మౌస్ నొక్కి, వదలకుండా కుడికి 8, పైకి 8 లాగి వదలండి. ఇప్పుడు 24 మిల్లీమీటర్ల అవతల కుడి పాదం దగ్గర నొక్కి, మళ్లీ వదలకుండా కుడికి 8, కిందికి 8 లాగండి. పైకి కాదు, కిందికి. తడబడేది ఎక్కువగా ఇక్కడే. మీరు లాగేది నోడ్ దాటి ముందుకెళ్లే హ్యాండిల్‌ని. కమానుని వంచేది దానికి ఎదురుగా, అద్దంలో బొమ్మలా, వెనక్కి పైకి లేచే రెండో హ్యాండిల్. అందుకే కిందికి లాగితే కమాను పైకి లేస్తుంది. ఎంటర్ కొట్టండి, అయిపోయింది. తప్పు చోట నొక్కితే బ్యాక్‌స్పేస్ చివరి నోడ్‌ని తీసేస్తుంది, మొత్తం మళ్లీ మొదలెట్టక్కర్లేదు.

ఆ 8 ఎక్కడిదంటారా? పొడవులో మూడో వంతు 8. ఎత్తుకి మూడింట నాలుగు వంతులు, అంటే 6 × 4 ÷ 3, అదీ 8. ఈ లెక్కన పెడితే కమాను శిఖరం కచ్చితంగా 6 దగ్గర ఆగుతుంది. కొలతలు మారినా సూత్రం ఇదే: హ్యాండిల్ కొన అడ్డంగా మూడో వంతు దూరంలో, నిలువుగా ఎత్తుకి 1.33 రెట్ల దగ్గర. నిండు వృత్తమైతే నాలుగు నోడ్లు, ఒక్కో హ్యాండిల్ పొడవు వ్యాసార్ధంలో 0.55 వంతు. కాకపోతే వృత్తానికి పెన్ ఎందుకండీ, ఇ నొక్కి కంట్రోల్ పట్టుకుని లాగితే సరిపోతుంది.

గీసిన కమానులో నల్లటి కడుపు కనబడితే అది ఫిల్, అంటే లోపల నింపిన రంగు. పాలెట్‌లో ఇంటూ గుర్తు నొక్కితే పోతుంది. స్ట్రోక్‌కి, అంటే గీతకి, రంగు కావాలంటే షిఫ్ట్ పట్టుకుని రంగు మీద నొక్కాలి. స్ట్రోక్ మందం 0.8 పెట్టండి. వేలాడే కడ్డీలు 0.4 మందంతో ఐదు చాలు: పాదం నుంచి 4, 8, 12, 16, 20 మిల్లీమీటర్ల దగ్గర, ఎత్తులు 3.3, 5.3, 6, 5.3, 3.3. పెన్‌తో గీసేటప్పుడు కంట్రోల్ పట్టుకుంటే గీత నిలువు తప్పదు.

ఇప్పుడు అన్నిటినీ సెలెక్ట్ చేసి పాత్ మెనూలో స్ట్రోక్ టు పాత్. దీనితో గీత మందం కూడా ఆకారమైపోతుంది. ఇది చెయ్యకుండా బొమ్మని పెద్దదీ చిన్నదీ చేస్తే, స్కేల్ స్ట్రోక్ బటన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు కమాను తగ్గినా గీత మందం తగ్గదు, కడ్డీలన్నీ కలిసి ముద్దవుతాయి. ఆ తర్వాత కంట్రోల్ జి తో గ్రూప్ చేయండి. వెడల్పు 24 కాకుండా సుమారు 24.6 చూపిస్తుంది. కంగారు పడకండి, పాదాల దగ్గర గీత మందం రెండు వైపులా కాస్త బయటికి వచ్చింది.

అసలు బ్రిడ్జికి 28 కమానులు. అన్నీ లేబుల్ మీద పెట్టాలని మనసు లాగుతుంది, వద్దు. 172 మిల్లీమీటర్లలో 28 ఇరికిస్తే ఒక్కోటి 6 మిల్లీమీటర్లకి వస్తుంది, కడ్డీ 0.1 అవుతుంది, ప్రింటులో సగం కనబడదు. ఏడు పెట్టండి. చూసినవాడు రాజమండ్రి అనే అనుకుంటాడు, ఎవరూ లెక్కపెట్టరు. ఎడిట్ మెనూలో క్లోన్ (అసలు బొమ్మకి అంటుకుని ఉండే నకలు), అందులో క్రియేట్ టైల్డ్ క్లోన్స్. వరుసలు 1, నిలువు వరుసలు 7, మిగతావన్నీ సున్నా. ఏడు కమానులు పక్కపక్కన 172 మిల్లీమీటర్లలో కూర్చుంటాయి, అటూ ఇటూ 4 మిల్లీమీటర్లు మిగులుతుంది. కింద 172 × 1.2 దీర్ఘచతురస్రం ఒకటి గీస్తే రైలు పట్టా వంతు తీరిపోయింది.

ఇక్కడ ఒక దొంగ దాక్కుంటాడు. టైల్డ్ క్లోన్స్‌లో మొదటి క్లోన్ అసలు బొమ్మ మీదే కూర్చుంటుంది. కంటికి ఏడే, ఫైల్లో ఎనిమిది. ప్రింటుకి ఫరవాలేదు గానీ కటింగ్‌కి ఇస్తే మొదటి కమాను మీద బ్లేడు రెండుసార్లు తిరిగి కింది కాగితం దాకా తెగుతుంది. క్లోన్లన్నీ సెలెక్ట్ చేసి ఆల్ట్, షిఫ్ట్, డి తో అన్‌లింక్ చేసి, ఆపైన అసలుదాన్ని తీసేయండి.

లేసు పువ్వుకీ ఇదే పరికరం, తిప్పుడు మాత్రం అదనం. నర్సాపురం క్రోషే గుండ్రాలు ఎలాగూ ఒకే రేకు చుట్టూ తిరిగినవే కదా. ఒక రేకు గీసి, దాని మీద రెండోసారి నొక్కితే మధ్యలో చిన్న ప్లస్ గుర్తు కనిపిస్తుంది. దాన్ని లాగి పువ్వు కేంద్రం ఎక్కడుండాలో అక్కడ పెట్టండి. టైల్డ్ క్లోన్స్‌లో 1 × 12, రొటేషన్ ట్యాబ్‌లో నిలువు వరుసకి 30 డిగ్రీలు, షిఫ్ట్ ట్యాబ్‌లో ఎక్స్‌క్లూడ్ టైల్ టిక్. ఆ టిక్ మరిచిపోతే రేకులు పువ్వుగా చుట్టుకోకుండా వరుసగా పక్కకి నడుస్తూ పోతాయి. ప్లస్ గుర్తు కదపడం మరిచిపోతే పన్నెండు రేకులూ ఒకదాని మీదొకటి పడి ముళ్లకంపలా తయారవుతాయి.

రెండోది, అక్షరాలు. మీ దగ్గర యూనికోడ్ ఫాంటు. చాలా డీటీపీ షాపుల్లో ఇప్పటికీ యూనికోడ్ కాని పాత అను ఫాంట్లు, కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్. మీ ఫాంటు ఆ కంప్యూటర్లో లేకపోతే డబ్బాలు వస్తాయి, లేదా వత్తులు అక్షరాల పక్కన వరుసగా నిలబడతాయి. షాపు వాళ్ల తప్పు కాదు, మీ తప్పూ కాదు. మందు: టెక్స్ట్‌ని సెలెక్ట్ చేసి ఆబ్జెక్ట్ టు పాత్ (కంట్రోల్, షిఫ్ట్, సి). ఆ తర్వాత అది అక్షరం కాదు, బొమ్మ. ఏ కంప్యూటర్లో తెరిచినా మారదు, మీరూ మార్చలేరు. కాబట్టి మార్చే ముందు పేరు, ఊరు, ఫోన్ నంబరు, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు ఇంకో మనిషి చేత చదివించండి. ఆ ఫైలుని వేరే పేరుతో దాచి, కాపీ మీద పాత్ చేయండి. రేపు ధర మారిందంటే అసలు ఫైలే దిక్కు. ఫాంటు ఇంకా తేల్చుకోకపోతే రామభద్ర బోర్డుకి బాగుంటుంది, మండలి చిన్న అక్షరాలకి. రెండూ ఉచితమే.

(మాటలో మాట: పూతరేకులకి 2023లో జిఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది కదా అని ఆ ముద్ర ఎక్కడినుంచో దించి లేబుల్ మీద పెట్టకండి. దానికి ఆథరైజ్డ్ యూజర్‌గా నమోదై ఉండాలి.)

మూడోది రేడియం. ‘శ్రీ’ ఎందుకు చీలిందంటే, చాలా ఫాంట్లలో క్రావడి, అంటే ర వత్తు, విడి ముక్క. అది అసలు అక్షరం మీదికి ఎక్కి ఉంటుంది. రంగు నల్లగా ఉంటే రెండూ కలిసిపోయినట్టే కనబడతాయి. అవుట్‌లైన్ మోడ్‌లో చూడండి, గీతలు ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటాయి. బ్లేడు ఆ గీతల మీదే నడిచింది. పాత్ చేశాక అన్‌గ్రూప్ (కంట్రోల్, షిఫ్ట్, జి) చేసి, అన్నీ సెలెక్ట్ చేసి యూనియన్ (కంట్రోల్, ప్లస్) ఇవ్వండి. లోపలి గీతలు మాయమై బయటి అంచు మాత్రం మిగులుతుంది. కంబైన్ (కంట్రోల్, కె) కూడా కలిపేదే గదా అనుకుంటారు. అది కలపదు, కట్టగడుతుంది: లోపలి గీతలు అలాగే ఉంటాయి, కొన్నిసార్లు ఒకదాని మీదొకటి పడ్డ చోట చిల్లు కూడా పడుతుంది.

యూనియన్ చేసినా అతకనివి కొన్ని ఉంటాయి. ‘గ’ మీది తలకట్టు, ‘మ్మ’ కింది వత్తు చాలా ఫాంట్లలో అక్షరానికి తగలనే తగలవు. అవి విడి ముక్కలుగానే తెగాలి, తప్పు లేదు. అదనపు రేడియం పీకేశాక పైన టేపు వేసి మొత్తం ఒకేసారి ఎత్తి అద్దానికి అంటించమనండి, అప్పుడు ఎక్కడివక్కడే ఉంటాయి. విడి ముక్క 3 మిల్లీమీటర్ల లోపు ఉంటే పీకేటప్పుడే లేచిపోతుంది. అక్షరం పెద్దది చేయండి, లేదా లావుపాటి ఫాంటుకి మారండి. బ్రిడ్జిని కూడా అద్దం మీద పెట్టాలంటే కడ్డీలు తీసేసి, కమాను, పట్టా మాత్రం కనీసం 3 మిల్లీమీటర్ల మందంతో ఉంచండి. 0.4 కడ్డీ రేడియంలో దారప్పోగులా తెగి చుట్టుకుపోతుంది.

స్ట్రోక్ టు పాత్ చెయ్యని గీత ఏదైనా మిగిలితే, తెర మీద ఎంత లావుగా ఉన్నా మెషీన్ దాని మధ్యలో ఒక్క కోత కోసి వదిలేస్తుంది. అలాగే గీత మొదలు, చివర కలవకపోతే ఆ సందు దగ్గర రేడియం ఊడదు, చిరుగుతుంది. ఎన్ నొక్కి ఆ రెండు చివరి నోడ్లూ సెలెక్ట్ చేసి షిఫ్ట్ జె కొడితే కలుస్తాయి.

ఫోటో పెట్టి, దాన్ని దానంతటదే గీతలుగా మార్చే ట్రేస్ బిట్‌మ్యాప్ చేస్తే సరిపోదా అనేవాళ్లు ఉంటారు. చేత్తో నల్ల స్కెచ్‌పెన్‌తో తెల్ల కాగితం మీద గీసిన బొమ్మకి అది బాగానే పనిచేస్తుంది. గోదారి మీద పొగమంచులో తీసిన బ్రిడ్జి ఫోటోకి పనిచెయ్యదు: వందల నోడ్లతో మచ్చ వస్తుంది, దాన్ని బాగుచేసే లోపు పదిసార్లు కొత్తగా గీయొచ్చు. సింప్లిఫై (కంట్రోల్, ఎల్) కొట్టి నోడ్లు తగ్గిద్దామనుకుంటే ఒక్కసారి కొట్టి ఆగి చూడండి. వెంటవెంటనే కొడితే ప్రతిసారీ దాని బలం పెరుగుతుంది, నాలుగో దెబ్బకి కమాను ఇడ్లీలా అవుతుంది.

ప్రెస్సుకి ఇచ్చేది పిడిఎఫ్. సేవ్ ఎ కాపీలో పిడిఎఫ్ ఎంచుకుంటే వచ్చే పెట్టెలో కన్వర్ట్ టెక్స్ట్ టు పాత్స్ ఉంటుంది, మరిచిపోయిన అక్షరాలకి అది రక్ష. నీడలు, బ్లర్ వాడి ఉంటే అక్కడే రిజొల్యూషన్ 96 బదులు 300 చేయండి, లేదంటే ఆ భాగం గళ్లుగళ్లుగా పడుతుంది. వెనక రంగుని నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు బయటికి పొడిగించండి, కత్తిరింపు కాస్త పక్కకి జరిగినా తెల్ల అంచు కనబడదు. తెర మీద మెరిసే అరటాకు పచ్చ ప్రెస్సులో అంత మెరవదు. తెర వెలుతురుతో చూపించే పచ్చని సిరాల కలయికతో తేలేరు. కొంచెం ముదురు పచ్చ తీసుకుని, వెయ్యి కాపీలు కొట్టించే ముందు ఒక్క కాపీ చూసుకోండి.

రేడియం షాపు ఎస్‌విజి (ఇంక్‌స్కేప్ మామూలుగా దాచే ఫైలు) అడిగితే బొమ్మ పక్కన సరిగ్గా 100 మిల్లీమీటర్ల చదరం ఒకటి, స్ట్రోక్ లేకుండా ఫిల్‌తో మాత్రమే, పెట్టి ఇవ్వండి. స్ట్రోక్ ఉంటే దాని మందం కూడా కొలతలో కలుస్తుంది. వాళ్ల కంప్యూటర్లో ఆ చదరం 133.3 చూపిస్తే ఆ సాఫ్ట్‌వేర్ అంగుళానికి 72 చుక్కల లెక్కన చదువుతోంది, 106.7 చూపిస్తే 90 లెక్కన. ఇంక్‌స్కేప్ 0.92 నుంచీ లెక్క 96. మొదటి సందర్భంలో మొత్తాన్ని 75 శాతానికి, రెండో సందర్భంలో 93.75 శాతానికి తగ్గించమనండి. చదరం 100కి వచ్చాక దాన్ని తీసేసి, ముందు ‘శ్రీ’ ఒక్కటీ కట్ చేయించి పీకి చూడండి. అది ముక్కలవకుండా లేస్తే మిగతా పేరు ఇవ్వొచ్చు.