ఏల పాటకు జాజ్ కార్డులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా అమ్మమ్మ పాడే నాట్ల పాటల బాణీల్లో సొంతంగా ఎనిమిది పాటలు రాశాను. గిటార్‌తో ఆల్బం చేయాలని ఉంది. బాణీల్లో స, రి, గ, ప, ద తప్ప మరో స్వరం లేదు. జాజ్ రంగు కోసం డీ మైనర్ సెవెన్, జీ సెవెన్, సీ మేజర్ సెవెన్ కార్డుల (ఒకేసారి మోగించే స్వరాల గుంపుల) వరస వేస్తుంటే పాట నాది కాకుండా పోతోంది. ఎందుకు?
— ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: మీ చెవి సరిగ్గానే పట్టిందమ్మా. మీరు రాసినవి మోహన రాగ స్వరాలు. వాటిలో మ లేదు, ని లేదు. సీని షడ్జమం అనుకుంటే జీ సెవెన్‌లో ఆ రెండూ ఉన్నాయి. మీరు షడ్జమం మీద నిలిచినప్పుడు గిటార్ నిషాదం మోగిస్తుంది. రెండింటికీ మధ్య దూరం అరస్వరమే, గొంతు తడబడేది అక్కడే. సీ మేజర్ సెవెన్‌లోనూ అదే నిషాదం ఉంది.

కార్డుల్ని బాణీలోంచే తీయండి. సీ సిక్స్ నైన్ కార్డులో సరిగ్గా మీ అయిదు స్వరాలే ఉంటాయి, ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. అయిదో తీగ మూడో ఫ్రెట్ (గిటార్ మెడ మీది గడి) మీద మధ్యవేలు. నాలుగు, మూడు తీగల మీద రెండో ఫ్రెట్‌లో చూపుడువేలు అడ్డంగా. రెండు, ఒకటి తీగల మీద మూడో ఫ్రెట్‌లో ఉంగరపువేలు అడ్డంగా. ఆరో తీగ మోగకూడదు. దీనికి తోడు ఏ మైనర్ సెవెన్, డీ సెవెన్ సస్ ఫోర్ చేర్చుకోండి. మొదటిది ద, స, గ, ప. రెండోది రి, ప, ద, స. ఈ మూడింటితో పల్లవి, చరణం హాయిగా నడుస్తాయి, బాణీలో ఒక్క స్వరం కూడా కదలదు.

మీరు వేసిన వరసను పారేయక్కర్లేదు. చరణం అయ్యాక, పల్లవి ఎత్తుకునే ముందు, గొంతు ఆగిన రెండు బార్లలో (తాళపు ఆవర్తాల్లో) ఒక్కసారి వాడండి. అప్పటిదాకా వినని మ, ని అక్కడ తగిలితేనే వాటికి రుచి.

ఇక శృతి. రెండు శృతిలో పాడితే కేపో (తీగలన్నింటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) రెండో ఫ్రెట్‌లో, మూడైతే నాలుగో ఫ్రెట్‌లో పెట్టండి. అయిదు శృతికి ఏడో ఫ్రెట్ దాకా పోవాలి, గిటార్ మాండొలిన్‌లా సన్నబడిపోతుంది. అలాంటప్పుడు కేపో తీసేసి జీ సిక్స్ నైన్, ఈ మైనర్ సెవెన్, ఏ సెవెన్ సస్ ఫోర్ పట్టండి. లెక్క అదే.

ప్రశ్న: ఏల పాట (పడవవాళ్లు పాడుకునే పాట) బాణీకి డ్రమ్స్ పెట్టాం, టెంపో నిమిషానికి 96 బీట్లు. పడవ ఊపు పోయి కవాతులా తయారైంది.
— ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: మీ డ్రమ్మర్ ఒక్కో బీట్‌ను రెండు సమాన ముక్కలు చేస్తూ ఉండాలి. పడవ పాట ఊపు తిశ్రంలో, అంటే బీట్‌కు మూడు ముక్కలుగా ఉంటుంది, జాజ్ స్వింగ్ లెక్క కూడా మూడే. ముందు నోటితో ‘తకిట తకిట’ అనమనండి. తర్వాత ‘కి’ని మింగేయమనండి. మిగిలే ‘త, ట’ల కుంటునడకే స్వింగ్. సాధనకు మెట్రోనోమ్ 48కి తగ్గించి, ఆ క్లిక్కును రెండో, నాలుగో బీట్‌గా లెక్కపెట్టాలి. మొదట్లో మాటిమాటికీ ఒకటో బీట్ మీదకు జారిపోతుంది. జారినప్పుడు ఆగి మళ్లీ మొదలెట్టాలి తప్ప సర్దుకుపోకూడదు.

కర్రలు పక్కనపెట్టి బ్రష్‌లు వాడండి. ఎడమచేతి బ్రష్ స్నేర్ డ్రమ్ మీంచి లేవకుండా గుండ్రంగా తిరుగుతూనే ఉండాలి. హెడ్ (డ్రమ్ మీద బిగించే పొర) గరుకుగా, కోటింగ్ ఉన్నదై ఉండాలి. నున్నటి హెడ్ మీద బ్రష్ రాపిడి వినబడదు.

డప్పు కూడా బాగా కలుస్తుంది. సిర్ర (లావు కర్ర) వదిలేసి సన్నటి చిటికెన పుల్లతోనే మెల్లగా వాయించమనండి. ముసురు రోజుల్లో కాచిన డప్పు కూడా తేమ పీల్చి సడలుతుంది. పాట మొదట్లో ఉన్న శృతి చివరికి దిగిపోతే రెండు టేకులు అతకవు. ప్రతి టేకుకూ ముందు కాచుకోవాల్సిందే.

ప్రశ్న: మాకు డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటి వాద్యం) దొరకదు. బేస్ గిటార్‌తో ఆ మెత్తదనం వస్తుందా?
— ఒక పాఠకుడు, రావులపాలెం

జవాబు: చాలావరకు వస్తుంది. ఫ్లాట్‌వూండ్ (పైచుట్టు నున్నగా ఉండే) తీగలు వేయండి, బ్రిడ్జి దగ్గర తీగల కింద స్పాంజి ముక్క దూర్చండి, మెడ చివర బొటనవేలితో మీటండి. అడుగు తీగ 41 హెర్ట్జ్. ఫోన్ స్పీకర్‌లో అది వినబడదు కాబట్టి ముఖ్యమైన స్వరాలు ఒక స్థాయి పైన వాయించాలి. పాడే గొంతుతో బేస్ ఎలా మాట్లాడాలో తెలియాలంటే గాయని జోనీ మిచెల్ 1976 ఆల్బం ‘హెజీరా’లో జాకో పాస్టోరియస్ వాయించిన ఫ్రెట్‌లెస్ (ఫ్రెట్లు లేని) బేస్ వినండి. గొంతు ఆగిన చోటే అది పలుకుతుంది.

ప్రశ్న: కాలువగట్టు ఇంట్లో రికార్డు చేస్తున్నాం. గిటార్ గుమ్ముమంటోంది, వెనక ‘జుయ్’మని మోత, రాత్రయితే కప్పలు.
— ఒక పాఠకురాలు, ముమ్మిడివరం

జవాబు: గుమ్ముమనడానికి కారణం మైకు గిటార్ రంధ్రానికి ఎదురుగా ఉండటం. పన్నెండో ఫ్రెట్ ఎదురుగా జానెడు దూరంలో పెట్టండి. 24 బిట్‌లో రికార్డు చేస్తూ, గట్టిగా వాయించినప్పుడు మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. ఖాళీ హాలు వద్దు. పరుపులు, బట్టల బీరువా ఉన్న గది నయం.

మోతకు ముందు లాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడండి. ఆగితే ఎర్తింగ్ లోపం. ఎలక్ట్రీషియన్‌తో సరిచేయించండి, ప్లగ్ మూడో పిన్ మాత్రం ఎవరు చెప్పినా తీయొద్దు, షాక్ కొడుతుంది. కప్పల కోసం నాయిస్ రిడక్షన్ పెడితే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుంటుంది. ఫ్యాన్ ఆపుకుని మధ్యాహ్నం పాడండి.

ప్రశ్న: వానాకాలం వచ్చేసరికి గిటార్ తీగలు ఎత్తుగా లేచి వేళ్లు నొప్పెడుతున్నాయి. శాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే పట్టీ) అరగదీయించనా?
— ఒక పాఠకుడు, అంతర్వేది

జవాబు: వద్దు. చెక్క తేమ పీల్చి పైపలక ఉబ్బింది, అందుకే తీగలు లేచాయి. ఇప్పుడు అరగదీయిస్తే చలికాలంలో పలక దిగాక తీగలు ఫ్రెట్లకు తగిలి గరగరమంటాయి. గిటార్‌కు 45 నుంచి 55 శాతం తేమ సరిపడుతుంది. పెట్టెలో చిన్న తేమ మీటర్, సిలికా జెల్ సంచులు పెట్టి మూసి ఉంచండి. జెల్ రంగు మారితే వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. మీది సముద్రపు ఒడ్డు కాబట్టి వాయించిన ప్రతిసారీ తీగల్ని అడుగు వైపు నుంచి కూడా పొడి నూలుగుడ్డతో తుడవండి. ఉప్పుగాలికి అక్కడ కూడా తుప్పు పడుతుంది.