ఇంట్లోనే ఉన్నావుగా అంటున్నారు, ఉద్యోగం మానేయనా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నాకు 31 ఏళ్లు. విశాఖలోని ఒక కంపెనీకి ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. చేరి నాలుగేళ్లు దాటింది. మావారు రాయగడలో బ్యాంకు ఉద్యోగి, శనివారం రాత్రి వచ్చి సోమవారం వెళ్లిపోతారు. మీటింగులో ఉన్నా అత్తయ్య "ఇంట్లోనే ఉన్నావుగా" అని పనులు చెబుతారు. పాపకు మూడేళ్లు, నన్ను వదలదు. మిగిలిన పని రాత్రి పదకొండు దాకా చేస్తాను. నెల రోజులుగా నిద్ర సరిగా లేదు, ఊరికే ఏడుపొస్తోంది. ఇప్పుడు వారానికి రెండు రోజులు ఆఫీసుకు రమ్మంటున్నారు. మానేయనా?

జవాబు: ముందు ఆ నిద్ర సంగతి చూడండమ్మా. నెల రోజులంటే చిన్న విషయం కాదు. డాక్టరుకు చూపించుకోండి. ఈలోగా 14416కు ఫోన్ చేయండి. అది మనసు బాగోలేనివాళ్లతో మాట్లాడే ప్రభుత్వ సహాయ సేవ టెలీ మానస్ నంబరు, ఉచితం, రాత్రయినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇక ఉద్యోగం. ఉత్తరమంతా చదివాను, పని నచ్చలేదని మీరు ఒక్కచోటా రాయలేదు. మిమ్మల్ని అలసిపోయేలా చేస్తున్నది ఒకే సమయంలో రెండు పనులు మీద పడటం. మానేస్తే జీతం పోతుంది, ఇంటిపని అలాగే ఉంటుంది. పైగా "ఇప్పుడు ఖాళీయేగా" అని ఇంకో నాలుగు పనులు వస్తాయి.

మీ అత్తగారిని నేను తప్పుపట్టను. ఆవిడ చూసిన ఉద్యోగస్తులు పొద్దున్నే క్యారేజీ పట్టుకుని స్కూలుకో కలెక్టరేటుకో వెళ్లి సాయంత్రం వచ్చేవాళ్లు. గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే అది డ్యూటీ అని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది మీ ఆయన. ఈ ఆదివారం ముగ్గురూ కూర్చున్నప్పుడు, "పొద్దున ఇన్నింటి నుంచి సాయంత్రం ఇన్నింటి దాకా తను ఆఫీసులో ఉన్నట్టే అమ్మా" అని ఆయన నోటితోనే రావాలి. మీరే చెబితే కోడలు ఎదురు చెప్పినట్టవుతుంది, ఆయన చెబితే ఇంటి ఏర్పాటు అవుతుంది. ఆ గంటల్లో పాపను ప్లేస్కూలుకు పంపడమో, ఒక మనిషిని పెట్టుకోవడమో కూడా అప్పుడే తేల్చుకోండి. ఆ ఖర్చు మీ ఒక్కరి జీతంలోంచే పోవాలని ఒప్పుకోకండి. పాప ఇద్దరిదీ.

ఆఫీసుకు మెయిల్ పెట్టి, ఆ రెండు రోజులూ పక్కపక్కన వచ్చేలా ఇమ్మని అడగండి. అప్పుడు విశాఖకు ఒకసారి వెళ్లి, ఒక రాత్రి ఉండి వచ్చేయొచ్చు. బంధువుల ఇల్లు లేకపోతే లేడీస్ హాస్టల్ చూసుకోండి. రోజూ తిరిగి రావాలని మాత్రం పెట్టుకోకండి, ఒళ్లు హూనమవుతుంది. ఆ ఒక్క రాత్రీ పాప నాన్నమ్మ దగ్గర పడుకోవడం ఇప్పటినుంచే అలవాటు చేయండి.

ఇంకొకటి. సర్వీసు ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు, వస్తుంది, ఏడాదికి 15 రోజుల జీతం లెక్కన. మీకు ఇంకా కొన్ని నెలలే ఉన్నాయి. ఆరోగ్యం మరీ పాడైతే తప్ప, అప్పటిదాకా రాజీనామా మాట ఎవరి దగ్గరా ఎత్తకండి.