ఫోన్ కంపెనీ టవర్‌ను, నెట్‌వర్క్ కంపెనీ ఫోన్‌ను తప్పుపడుతుంటే కేసు ఎవరి మీద వేయాలి?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది అనంతపురం. ఉద్యోగరీత్యా ఆరేళ్ళుగా బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాము. తొమ్మిది నెలల క్రితం ఆన్‌లైన్‌లో ₹58,000 పెట్టి ఒక ఫోన్ కొన్నాను. ఆఫర్ కోసం నా భార్య కార్డు వాడడంతో బిల్లు ఆమె పేరు మీద వచ్చింది. ఫోన్ చేతిలోకి తీసుకుంటే చాలు, సిగ్నల్ పడిపోతోంది. బ్యాంకు ఓటీపీలు సమయానికి రావడం లేదు. ఊళ్ళో ఒంటరిగా ఉంటున్న మా అమ్మ ఫోన్ చేస్తే ‘అందుబాటులో లేరు’ అని వినిపిస్తోందట. సర్వీస్ సెంటరుకు మూడుసార్లు వెళ్ళాను. మొదటిసారి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి ఇచ్చారు. తర్వాత రెండుసార్లూ ‘ఫోన్‌లో లోపం లేదు, నెట్‌వర్క్ వాళ్ళను అడగండి’ అన్నారు. నెట్‌వర్క్ వాళ్ళేమో ‘మీ ఏరియాలో టవర్ బాగానే ఉంది, హ్యాండ్‌సెట్ చూపించుకోండి’ అంటున్నారు. ఫోన్ కంపెనీ ఆఫీసు గురుగ్రామ్‌లో ఉంది. నేను కేసు ఎవరి మీద, ఎక్కడ వేయాలి? వేస్తే నిలుస్తుందా?
ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: మీ ప్రశ్నలో అసలు చిక్కు మొదటి భాగంలోనే ఉంది కనుక దానికే ముందు జవాబు చెబుతాను. తప్పు ఫోన్‌దా, నెట్‌వర్క్‌దా అన్నది మీరే తేల్చుకుని వస్తే తప్ప ఫిర్యాదు తీసుకోమని చట్టం ఎక్కడా అనలేదు. తనకు ఎవరి నుంచి పరిహారం రావాలో వాదికి సందేహంగా ఉన్నప్పుడు ఇద్దరినీ ఒకే దావాలో ప్రతివాదులుగా చేర్చి, బాధ్యత ఎవరిదో, ఎంతవరకో తేల్చమని కోర్టును కోరవచ్చని సివిల్ ప్రక్రియా స్మృతి 1వ ఆర్డరు 7వ రూలు చెబుతోంది. వినియోగదారుల కమిషన్‌కు ఆ స్మృతి అంతా యథాతథంగా వర్తించకపోయినా, ఈ సూత్రం న్యాయమైనదే కాబట్టి దాన్ని ఆధారం చేసుకుని తయారీదారును, అమ్మినవారిని, నెట్‌వర్క్ కంపెనీని ఒకే ఫిర్యాదులో చేర్చవచ్చు. ఇద్దరినీ వేరువేరుగా అడిగినంత కాలం ఒకరు మరొకరి వైపు వేలు చూపి తప్పుకుంటారు. ఒకే ఫైలులో ఇద్దరూ రాతపూర్వకంగా జవాబు చెప్పవలసి వచ్చినప్పుడు, తన ఫోన్ బాగుందని తయారీదారు, తన టవర్ బాగుందని నెట్‌వర్క్ కంపెనీ ఎదురెదురుగా కాగితం మీద చూపించవలసి వస్తుంది. అయితే ఒక్కొక్కరి మీదా మీ దగ్గర విడివిడిగా కొంత ఆధారం ఉండాలి. ఏ ఫిర్యాదూ ఇవ్వని కంపెనీని ఊరికే లాగితే కేసు పలచబడుతుంది.

బిల్లు మీ భార్య పేరు మీద ఉండడం అడ్డంకి కాదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 2(7) సెక్షన్ ప్రకారం డబ్బు చెల్లించి కొన్నవారే కాక, వారి అనుమతితో ఆ వస్తువును వాడుకునేవారు కూడా వినియోగదారులే. అయినా ఇద్దరూ కలిసి ఫిర్యాదుదారులుగా సంతకం చేయడం మేలు. ఆ విధంగా చేస్తే అవతలి పక్షం లాయరు ఈ చిన్న అభ్యంతరంతో ఒక వాయిదా గడిపే అవకాశం ఉండదు. గురుగ్రామ్ సంగతి కూడా మిమ్మల్ని భయపెట్టనక్కరలేదు. ఫిర్యాదుదారు నివసించే చోట లేదా పని చేసుకునే చోట ఉన్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చని 34(2)(డి) సెక్షన్ చెబుతోంది. 1986 నాటి పాత చట్టంలో ఈ సౌకర్యం లేదు. మీరు మారతహళ్ళిలో ఉంటున్నారు కనుక బెంగళూరు అర్బన్ జిల్లా కమిషన్‌కే వెళ్ళవచ్చు. ఇక్కడి అద్దె ఒప్పందం, ఆధార్ చిరునామా వంటివి జతపరచండి.

ఇక కేసు నిలుస్తుందా అన్న ప్రశ్న. ఇది పూర్తిగా రుజువు మీద ఆధారపడి ఉంటుంది. నా దగ్గరికి ఇలాంటి సమస్యతో వచ్చేవారిలో ఎక్కువమంది ఫోన్ తెరపై సిగ్నల్ గీతలు తగ్గినట్టు తీసిన స్క్రీన్‌షాట్లు తెస్తారు. వాటి బలం చాలా తక్కువ. ఎంత సిగ్నల్ బలానికి ఎన్ని గీతలు చూపించాలో ఏ చట్టమూ నిర్దేశించలేదు. దాన్ని ఫోన్‌లోని సాఫ్ట్‌వేరే నిర్ణయిస్తుంది. 2010 జూన్‌లో అమెరికాలో ఆపిల్ సంస్థ ఐఫోన్ 4ను విడుదల చేసినప్పుడు జరిగింది ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఆ ఫోన్ అంచు చుట్టూ ఉన్న ఉక్కు పట్టీయే యాంటెన్నా. ఎడమ వైపు కింది మూల చేయి తగిలితే సిగ్నల్ పడిపోతోందని కొన్నవారు మొరపెట్టుకున్నారు. జూలై 2న ఆ సంస్థ, గీతలను లెక్కించే సూత్రమే తప్పుగా ఉందని, నిజానికి ఉన్నదానికంటే ఎక్కువ గీతలు చూపిస్తున్నామని స్వయంగా ప్రకటించింది. జూలై 16న విలేకరుల సమావేశం పెట్టి, కొన్నవారికి ఉచితంగా రక్షణ కవచాలు ఇస్తామంది. కోర్టుకెక్కిన సామూహిక దావా 2012లో రాజీతో ముగిసి, అర్హులైన ఒక్కొక్కరికి 15 డాలర్లు లేదా ఒక కవచం దక్కాయి. మన వినియోగదారులు దీని నుంచి తీసుకోవలసిన విషయం ఒకటి ఉంది: గీతలు తయారీదారు చేతిలోని కొలత అని తయారీదారే ఒప్పుకున్నాక, కమిషన్ ముందు మనం వాటి మీద ఆధారపడి నిలబడకూడదు.

సంఖ్యల్లో కొలిచిన సిగ్నల్ బలం కావాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోని ‘అబౌట్ ఫోన్’ కింద సిమ్ స్టేటస్‌లో ఇది డీబీఎం అనే ప్రమాణంలో, మైనస్ గుర్తుతో కనిపిస్తుంది. మైనస్ 85 దగ్గర ఉంటే మంచి సిగ్నల్, మైనస్ 110 కంటే కిందికి (మైనస్ 115, 120 వైపు) పోతే బలహీనం. ఇక్కడ 10 తగ్గిందంటే శక్తి పదో వంతుకు పడిపోయినట్టు, 20 తగ్గితే వందో వంతుకు పడిపోయినట్టు. చేతిలో పట్టుకుంటే ఏ ఫోన్‌లోనైనా కొంత తగ్గుతుంది, ఎందుకంటే మన శరీరం రేడియో తరంగాలను పీల్చుకుంటుంది. అవతలి పక్షం మొట్టమొదట చెప్పే మాట ఇదే. కాబట్టి ‘పట్టుకుంటే తగ్గుతోంది’ అంటే సరిపోదు, ‘ఇదే చోట, ఇదే సిమ్‌తో, మరో ఫోన్‌లో తగ్గేదానికంటే ఇందులో ఎంతో ఎక్కువగా తగ్గుతోంది’ అని చూపించాలి.

అందుకు ఒక ఆదివారం కేటాయించండి. మీ సిమ్‌ను ఇంట్లో ఉన్న మరో ఫోన్‌లో వేసి, రెండు ఫోన్లనూ ఒకే రీతిలో, అంటే రెండూ 4జీలోనే లేదా రెండూ 5జీలోనే ఉండేలా పెట్టి, బల్ల మీద ఉన్నప్పుడు, చేతిలో ఉన్నప్పుడు, చెవి దగ్గర ఉన్నప్పుడు అంకెలు రాసుకోండి. తర్వాత మీ ఫోన్‌లో వేరే కంపెనీ సిమ్ వేసి అదే చేయండి. ఇంట్లో, రోడ్డు మీద, ఆఫీసులో మూడు చోట్ల, మధ్యలో ఆపకుండా వీడియో తీస్తూ చేయండి. అవుటర్ రింగ్ రోడ్డు వెంట ఉన్న అద్దాల భవనాల్లో, కింది పార్కింగ్ అంతస్తుల్లో తీసిన కొలతలను మాత్రం నమ్ముకోకండి. వేడిని ఆపడానికి అద్దాలకు వేసే లోహపు పూత, మందపాటి కాంక్రీటు రెండూ సిగ్నల్‌ను అడ్డుకుంటాయి కనుక ఆ కొలత ఎవరి తప్పునూ చూపదు. ఏ సిమ్ వేసినా మీ ఫోన్‌లోనే పడిపోతే లోపం ఫోన్‌దని, ఏ ఫోన్‌లో వేసినా మీ సిమ్‌కే పడిపోతే లోపం నెట్‌వర్క్‌దని ప్రాథమికంగా తేలుతుంది. వీడియోలను ఆధారంగా పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జత చేయండి. కమిషన్లు సాక్ష్య నియమాల విషయంలో కోర్టులంత కచ్చితంగా ఉండకపోయినా, అభ్యంతరానికి తావివ్వకపోవడం మంచిది.

సర్వీస్ సెంటరుకు మూడుసార్లు వెళ్ళారన్నారు. మూడింటికీ జాబ్ షీట్లు (ఫోన్ తీసుకున్నప్పుడు ఫిర్యాదు రాసి వాళ్ళిచ్చే కాగితాలు) ఉన్నాయా? మీ కేసులో బిల్లు తర్వాత అంత విలువైన కాగితం అదే. ఫిర్యాదు గడిలో వాళ్ళు తరచుగా ‘సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ రిక్వెస్ట్’ అని రాస్తారు. అలా రాయనివ్వకండి. ‘చేతిలో పట్టుకున్నప్పుడు సిగ్నల్ పడిపోవడం, కాల్స్ తెగిపోవడం’ అని రాయించి, ఆ తర్వాతే సంతకం పెట్టండి. లోపం లేదని వెనక్కి ఇస్తే ఏ పరీక్ష చేసి ఆ నిర్ణయానికి వచ్చారో రాసివ్వమని ఈమెయిల్‌లో అడగండి. జవాబు రాకపోతే ఆ మౌనం కూడా మీ ఆధారమే. వారంటీ ఏడాది అయితే మీకు ఇక మూడు నెలలే మిగిలింది కాబట్టి, నాలుగోసారి ఫిర్యాదు ఈ వారంలోనే నమోదు చేయించండి. చట్టంలోని 2(10) సెక్షన్ లోపానికి ఇచ్చిన నిర్వచనం విశాలమైనది. చట్టం కోరే ప్రమాణంలో తగ్గినా, ఒప్పందంలో స్పష్టంగా గానీ అంతర్లీనంగా గానీ ఉన్న ప్రమాణంలో తగ్గినా, అమ్మేటప్పుడు చెప్పుకున్న దానికంటే తగ్గినా అది లోపమే. ఫోన్ అన్న వస్తువు మాట్లాడడానికి పనికిరావాలన్నది ఏ కాగితం మీదా రాయనవసరం లేని ఒప్పందం.

నెట్‌వర్క్ కంపెనీ విషయంలో మీరు ఇంతవరకు నోటిమాటగానే అడిగినట్టున్నారు. 198కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించి, డాకెట్ నంబరు తీసుకోండి. తృప్తి కలగకపోతే ఆ కంపెనీలోనే ఉండే అప్పీలు అధికారికి 30 రోజుల్లోగా రాయండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం ఆయన 39 రోజుల్లో తేల్చాలి, ఇందుకు రుసుము లేదు. ట్రాయ్‌కే నేరుగా రాస్తామని చాలామంది అంటారు గానీ, అది వ్యక్తిగత ఫిర్యాదులను విచారించి తీర్పు చెప్పే సంస్థ కాదు. తెగిపోయిన ప్రతి కాల్‌కూ రూపాయి చొప్పున, రోజుకు మూడు రూపాయలకు మించకుండా చెల్లించాలని 2015లో ట్రాయ్ చేసిన నిబంధనను సుప్రీంకోర్టు 2016 మే 11న కొట్టివేసింది. అందువల్ల కాల్ తెగినంత మాత్రాన తనంతట తానుగా వచ్చే పరిహారం ఇప్పుడు లేదు, సేవాలోపాన్ని విడిగా రుజువు చేయాలి. అయితే టెలికాం వివాదాలు వినియోగదారుల కమిషన్ల ముందుకు రాకూడదన్న వాదన మాత్రం చెల్లదు. 2022 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు ఆ సందేహాన్ని తీర్చింది, 2019 చట్టమైతే సేవల నిర్వచనంలో టెలికాంను పేరు పెట్టి మరీ చేర్చింది. 2024లో వచ్చిన సేవా నాణ్యతా నిబంధనల కింద ప్రతి కంపెనీ తన కవరేజి మ్యాపును వెబ్‌సైట్‌లో ఉంచాలి. మీ వీధి ఆ మ్యాపులో ఏ రంగులో ఉందో తీసి దాచండి. మంచి కవరేజి ఉందని చూపిన చోట అది లేదని రుజువైతే, వాళ్ళ మ్యాపే మీకు సాక్ష్యమవుతుంది.

ఈ కాగితాలు సమకూరాక ముగ్గురికీ స్పీడ్ పోస్టులో, ఈమెయిల్‌లో నోటీసు పంపి 15 రోజుల గడువు ఇవ్వండి. ఆన్‌లైన్‌లో అమ్మిన సంస్థ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలిపి, నెలలోగా పరిష్కరించాలని 2020 ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి కనుక ఆయనకు కూడా రాయండి. ఈలోగా 1915 నంబరులో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పి చూడవచ్చు. కొన్ని కంపెనీలు అక్కడే దిగివస్తాయి. ఫలితం లేకపోతే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. మీరు చెల్లించిన ధర ₹5 లక్షల లోపే కనుక రుసుము లేదు, లాయరు తప్పనిసరి కాదు. ఫిర్యాదును తెలుగులో కాక ఇంగ్లీషులో గానీ కన్నడంలో గానీ రాయించుకోండి.

ప్రయోగశాల పరీక్ష లేనిదే లోపం తేలదని కమిషన్ భావిస్తే 38(2)(సి) సెక్షన్ కింద ఫోన్‌ను సీలు వేయించి గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపుతుంది. నివేదిక 45 రోజుల్లో రావాలి. ఆ ఖర్చు ముందుగా మీరు డిపాజిట్ చేయవలసి రావచ్చు. ఈ పరీక్షను మీరే కోరండి, అవతలివారు అడిగే వరకు ఆగవద్దు. తయారీలోపం ఉందని రుజువు చేసే భారం ఫిర్యాదుదారు మీదే పడుతుంది, నిపుణుల అభిప్రాయం లేదని కొట్టివేసిన కేసులు తక్కువ కాదు. పరీక్ష అవసరమైన కేసును ఐదు నెలల్లో ముగించాలని చట్టం అన్నా, ఆచరణలో అంతకు మించి పడుతుందని మనసులో పెట్టుకుని దిగండి. ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్ళు. కొన్న తేదీ నుంచే లెక్కించుకోవడం క్షేమం.

ఫోన్ మార్పిడి లేదా వడ్డీతో ధర వాపసు, తిరిగిన ఖర్చులు, మానసిక క్షోభకు పరిహారం, కేసు ఖర్చులు అడగవచ్చు. లక్షలు అడగమని మీకు స్నేహితులు చెబుతారు, నేను చెప్పను. ఆటో ఛార్జీల నుంచి సెలవు పెట్టిన రోజుల వరకు రుజువు చూపగలిగినంతే అడిగిన ఫిర్యాదుకు విశ్వసనీయత ఉంటుంది. ఉత్పత్తి బాధ్యత పేరుతో 84వ సెక్షన్ కింద వెళ్ళాలన్న ఆలోచన కూడా వద్దు. ఆ అధ్యాయం కింద ‘హాని’ అంటే వస్తువుకే జరిగిన నష్టం కాదు, దానివల్ల మనిషికో, ఇతర ఆస్తికో కలిగిన నష్టం. మీ ఓటీపీలు ఆలస్యమై లావాదేవీ ఆగినా అది ఆర్థిక నష్టంగానే మిగిలి ఆ నిర్వచనం బయట ఉంటుంది.

చివరగా మీ అమ్మగారి విషయం. ఒంటరిగా ఉన్న తల్లి పిలుపు కొడుకుకు అందకపోవడం చిన్న అసౌకర్యమని నేను అనుకోను, ఫిర్యాదులో ఆ సంగతిని ఒక పేరాగా రాయండి, ఆమె కాల్ వివరాలు జతపరచండి. కేసు తేలేవరకు ఆమెను వేచి ఉండమనడం భావ్యం కాదు కనుక ఇంట్లో వైఫై కాలింగ్ పెట్టుకోండి, లేదా మీ సిమ్‌ను పాత ఫోన్‌లో వేసుకోండి. దానివల్ల మీ హక్కు పోదు. ‘లోపంతో సరిపెట్టుకుని కాదు, అత్యవసరం వల్ల తాత్కాలిక ఏర్పాటు చేసుకున్నాము’ అని నోటీసులో ఒక వాక్యం చేర్చండి. లోపం ఉన్న ఫోన్‌ను మాత్రం మళ్ళీ రీసెట్ చేయించకుండా, ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయకుండా, ఇప్పుడున్న స్థితిలోనే భద్రపరచండి. కమిషన్ పరీక్షకు పంపవలసింది దాన్నే.