కాఫీగింజ ప్రియమైనప్పుడు అంగడి పెట్టేవానికి

చిరంజీవి అల్లునికి,

మామ ఆశీస్సులు. పాతూరులో కాఫీపొడి అంగడి పెట్టాలనుకుంటే గింజ ధర చూసి కాళ్లాడటం లేదని రాసినావు. అంగడి పెట్టు. అయితే ఒక్క పని మాత్రం చేయొద్దు. అది నేను చేసి చెడినా, అందుకే ముందు అదే చెప్తా.

1994లో బ్రెజిల్ తోటల మీద మంచు కొట్టి ధర ఒక్కసారిగా ఎగిరింది. ధర పెంచితే గిరాకీ పోతుందని భయపడి, నూటికి 80 పాళ్లు కాఫీ, 20 పాళ్లు చికోరీ (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) అని చెప్పి 60:40 కలిపిచ్చినా. టవర్ క్లాక్ దగ్గర టిఫిన్ హోటల్ మాస్టర్ ఒకాయన, పదేండ్ల ఖాతా, ఒక పొద్దున పొట్లం పట్టుకొని వచ్చినాడు. గ్లాసుడు చన్నీళ్లు అడిగి పైన చిటికెడు పొడి చల్లినాడు. కాఫీ తేలింది. చికోరీ మాత్రం ఎర్రటి చారలు వదులుతూ అడుక్కు దిగింది. గ్లాసు నా తక్కెడ పక్కన పెట్టి, మాట లేకుండా వెళ్లిపోయినాడు. మళ్లీ మా గడప తొక్కలేదు. ముప్పై ఏండ్లయినా ఆ గ్లాసు నా కళ్లముందే ఉంది.

కాబట్టి పాళ్లు మార్చాల్సొస్తే చెప్పి మార్చు. కాఫీ 51 శాతానికి తగ్గకూడదని, పాళ్లు పొట్లం మీద అచ్చేయాలని చట్టమే ఉంది. 80:20 కొనలేనోళ్లకు 60:40 ఉందని చెప్పు, తీసుకుంటారు. కిలో కొనేవాళ్లు పావు కిలో అడుగుతారు, 50 గ్రాముల పొట్లాలు కూడా కట్టిపెట్టు.

మన దగ్గర ధర ఎందుకు పెరగాలని అడిగినావు. మన దేశపు పంటలో సగానికి పైగా బయటికే పోతుందప్పా. చిక్కమగళూరు తోట రైతు న్యూయార్కు, లండన్ మార్కెట్ ధరలు చూసే గింజ అమ్ముతాడు. 2024లో బ్రెజిల్‌ను కరువు పట్టింది. ఆ డిసెంబరులోనే న్యూయార్కులో అరబికా రకం గింజ 1977 నాటి రికార్డును మించిపోయి, 2025 ఫిబ్రవరిలో పౌను (అర కిలోకు కాస్త తక్కువ) 4 డాలర్లు కూడా దాటింది. ఇదివరకు అరబికా ప్రియమైతే చవక రకం రోబస్టా పాలు పెంచి సర్దుకుంటాంటిమి. ఈసారి వియత్నాంలోనూ వానలు తప్పి ఆ దారీ మూసుకుపోయింది.

లెక్క జాగ్రత్త. వంద కిలోల పచ్చగింజ వేయిస్తే చేతికొచ్చేది 83 కిలోలకు అటూ ఇటూ. గింజ కిలో 500 అనుకో, కరెంటు, కూలి చేరకముందే నీకు 600 పడుతుంది. కొత్తోళ్లు ఈ తరుగు మరిచే నష్టపోతారు.

ఇంకా పెరుగుతుందని అప్పు తెచ్చి మూటలు నింపొద్దు. ఎక్కిన ధర దిగుతుంది, వడ్డీ దిగదు. రెండు వారాలకు సరిపడా గింజ చాలు. పొడి మాత్రం ఏ రోజుది ఆ రోజే కొట్టు. నిన్నటి పొడికి వాసన తగ్గుతుంది, డికాక్షన్‌లో తెలిసిపోతుంది. హోటళ్లకు ఉద్దెర వారం దాటనీకు.

రోస్టర్ బిగించే రోజు ఫోన్ చెయ్యి, పొద్దున బస్సుకే వస్తా. మొదటి వాయి ఇద్దరం కలిసి వేయిద్దాం.

మీ మామ
అనంతపురం