రాగి వైరు వేశాక మీటరు తక్కువ చూపుతోంది, ఎందుకు?

ప్రశ్న: మా కార్ఖానాలో ఉక్కు భాగాలకు హీట్ ట్రీట్‌మెంట్ చేసే ఫర్నేసు ఉంది. దాని ఉష్ణోగ్రతను కొలిచే ‘కె’ రకం థర్మోకపుల్ నుంచి కంట్రోల్ రూముకు వెళ్లే కేబుల్ పాడైతే మామూలు రాగి వైరు వేశారు. అప్పటి నుంచి మీటరు తక్కువ చూపుతోంది. తెల్లవారుజామున తేడా కొద్దిగానే ఉంటుంది కానీ మధ్యాహ్నం షిఫ్టులో బాగా పెరుగుతుంది. రాగి మంచి వాహకమే కదా, మరి లోపం మీటరుదేనా?
– ఒక పాఠకుడు, రాయగడ జిల్లా, ఒడిశా

జవాబు: లోపం వైరుదే. థర్మోకపుల్ అంటే ఒక కొస దగ్గర అతికిన రెండు వేర్వేరు లోహపు తీగల జత. దానికి ఆధారం 1821లో శాస్త్రవేత్త సీబెక్ గమనించిన ప్రభావం: ఆ తీగల కొసల మధ్య ఉష్ణోగ్రత తేడా ఉంటే వోల్టేజి పుడుతుంది. వోల్టేజి అంతా అతుకు దగ్గరే పుడుతుందని చాలామంది అనుకుంటారు గాని, నిజానికి అది తీగ పొడవునా ఉష్ణోగ్రత మారే చోటల్లా పుడుతుంది. ‘కె’ రకంలోని క్రోమెల్, అల్యుమెల్ అనే మిశ్రలోహాల తీగల జత డిగ్రీ తేడాకు సుమారు 41 మైక్రోవోల్టులు ఇస్తుంది. అంటే ఈ జత చెప్పేది ఫర్నేసు ఉష్ణోగ్రతను కాదు, వేడి కొసకూ ఆ రెండు లోహాలు ముగిసే చోటుకూ మధ్య ఉన్న తేడాను మాత్రమే. ఆ ముగింపు తన టెర్మినళ్ల దగ్గరే ఉందని నమ్మి, మీటరు అక్కడి ఉష్ణోగ్రతను తనే కొలిచి ఆ తేడాకు కలుపుకుంటుంది.

మీరు వేసిన రెండు వైర్లూ రాగివే కనుక, వాటిలో పుట్టే వోల్టేజీలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. దాంతో జత థర్మోకపుల్ హెడ్ (దాని తీగలు కేబుల్‌తో కలిసే పెట్టె) దగ్గరే ముగిసిపోయింది. ఫర్నేసులో 850 డిగ్రీలు, హెడ్ దగ్గర 60, ఏసీ గదిలోని మీటరు దగ్గర 25 ఉన్నాయనుకుందాం. హెడ్ దాకా ఉన్న 790 డిగ్రీల తేడాకు మీటరు తన 25 కలిపి దాదాపు 815 చూపిస్తుంది. తెల్లవారుజామున హెడ్ చల్లబడుతుంది కనుక తప్పు తగ్గుతుంది. మీటరు చూపే అంకెను నమ్మి మంట పెంచితే ఉక్కు అవసరానికి మించి వేడెక్కి, లోపలి రేణువులు ముతకబారతాయి. అసలు నష్టం అదే.

‘కె’ రకానికి సరిపడే, ఆ జతలాగే వోల్టేజి ఇచ్చే ఎక్స్‌టెన్షన్ కేబుల్‌ను మీటరు దాకా వేయించండి. ప్లస్, మైనస్ రెండు చివర్లా తారుమారైతే తప్పు రాగి వైరుతో వచ్చేదానికి దాదాపు రెట్టింపవుతుంది. రంగులను గుడ్డిగా నమ్మవద్దు: అమెరికన్ పద్ధతిలో ఎరుపు మైనస్, ఐఈసీ (అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ) పద్ధతిలో తెలుపు మైనస్. థర్మోకపుల్ తీగల్లోనైతే అయస్కాంతానికి అంటుకునే అల్యుమెల్ మైనస్. మీటరుపై ఇంకా అనుమానముంటే, కేబుల్ విప్పేసి, దాని రెండు ఇన్‌పుట్ టెర్మినళ్లను చిన్న తీగముక్కతో కలపండి. సరిగా ఉన్న మీటరు గది ఉష్ణోగ్రతను చూపుతుంది.