అమెరికాకి ఉద్యోగాలు వెనక్కి వస్తే మధ్యతరగతి కోలుకుంటుందా? షార్లెట్‌లో నేను చూసింది

మీ ప్రశ్న: బయటి దేశాలకు పంపేసిన ఉద్యోగాలను కంపెనీలు వెనక్కి తెస్తే అమెరికా మధ్యతరగతి మళ్లీ మునుపటిలా బతకగలదా?

ఆ ఉద్యోగాలు బయటికి వెళ్లేటప్పుడు మోసిన చేతుల్లో నావి కూడా ఉన్నాయి. అందుకే జవాబు రాయాలనిపించింది.

2006 మొదట్లో హైదరాబాద్ నుంచి హెచ్1బీ వీసా మీద నార్త్ కరోలినాలోని షార్లెట్‌కి వచ్చాను. క్లయింట్ ఒక పెద్ద ఆర్థిక సంస్థ. నా పని కేటీ, అంటే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ తీసుకోవడం. ఇరవై ఏళ్లకు పైగా మెయిన్‌ఫ్రేమ్ (సంస్థ లెక్కలన్నీ నడిపే పెద్ద కంప్యూటర్) చూసుకుంటున్న ఒక ఉద్యోగి పక్కన కూర్చుని, ఆయనకు తెలిసిందంతా రాసుకుని, రాత్రికి హైదరాబాద్ టీమ్‌కి ఫోన్‌లో అప్పజెప్పాలి. మూడు నెలలు గడువు. కేటీ పూర్తయిందని సంతకాలు అయ్యాకే ఉద్యోగం తీసేస్తూ ఆయనకు ఇచ్చే సెవరెన్స్ డబ్బు చేతికి వస్తుందని నాకు రెండో వారంలో తెలిసింది. ఆ మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పబుద్ధి కాలేదు.

ఆయన దగ్గర ఒక పాత నోట్‌బుక్ ఉండేది. నెలాఖరు బ్యాచ్ (వరసగా నడిచే ప్రోగ్రాములు) ఎక్కడ ఇరుక్కుంటుంది, ఏ ప్రోగ్రాం మధ్యలో ఆగిపోతే ముందు ఏ ఫైలు చూడాలి, అన్నీ పెన్సిల్‌తో రాసుకున్నారు. కంపెనీ డాక్యుమెంట్లలో అవేవీ లేవు. చివరి రోజు దాన్ని నా చేతిలో పెట్టి, "నెలాఖరుకి దగ్గర ఉంచుకో" అన్నారు. అప్పుడాయనకు యాభై నాలుగేళ్లు.

ఒక శనివారం ఆయన నన్ను కారులో కన్నాపోలిస్ తీసుకెళ్లారు. షార్లెట్‌కి అరగంట దూరం. ఊరంటే ఒకప్పుడు మిల్లే. కానన్ కంపెనీ తువ్వాళ్లు, దుప్పట్లు అక్కడే తయారయ్యేవి. చేతులు మారి చివరికి పిల్లోటెక్స్ అయిన ఆ కంపెనీ 2003 జులై 30న మూతపడింది. ఆ ఒక్క ప్రాంతంలోనే నాలుగు వేల మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. ఒకేసారి అంతమంది రోడ్డున పడటం నార్త్ కరోలినా చరిత్రలో అంతకుముందు లేదు. మేం వెళ్లేసరికి మిల్లును కూలగొడుతున్నారు. ఆయన అమ్మ అక్కడ తువ్వాళ్ల అంచులు కుట్టేవారట. ఆ జీతంతోనే ఇల్లు కొన్నారు, కొడుకుని కాలేజీకి పంపారు.

నేను వరంగల్‌వాణ్ణి. ఒకప్పుడు ఆజంజాహి బట్టల మిల్లు ఉన్న ఊరు మాది. మిల్లు పోతే ఊరు ఏమవుతుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆ ఇటుకల కుప్ప ముందు ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు.

ఇక మీ ప్రశ్నకు. ఉద్యోగాలు వెనక్కి రావడం కూడా నేను చూశాను. 2015 ప్రాంతంలో అదే క్లయింట్ హైదరాబాద్‌కి పంపిన పనిలో కొంత షార్లెట్‌కి తెచ్చారు. వెళ్లినప్పుడు అది దాదాపు నలభై మంది పని. తిరిగొచ్చేసరికి చాలావరకు ఆటోమేట్ అయింది, ఆరుగురు సరిపోయారు. అందులో నలుగురు కాంట్రాక్టు మీద, హెల్త్ ఇన్సూరెన్స్ ఎవరిది వాళ్లే చూసుకోవాలి. పని తిరిగొచ్చిందని పేపర్లో చదివితే సంతోషమే కానీ, ఆ నలభై కుటుంబాల బతుకు మాత్రం తిరిగి రాలేదు.

బట్టల పరిశ్రమలోనూ ఇదే కథ. మా దగ్గర మన తెలుగువాళ్లు బాగా స్థిరపడిన ఇండియన్ ల్యాండ్ అనే ఊరుంది, సరిహద్దు దాటగానే, సౌత్ కరోలినాలో. కీర్ అనే చైనా కంపెనీ అక్కడ నూలు మిల్లు పెడతామని 2013 చివర్లో ప్రకటించింది. 21.8 కోట్ల డాలర్ల పెట్టుబడి, 501 ఉద్యోగాలు. పత్తి ఇక్కడే పండుతుంది, కరెంటు చవక, కాబట్టి చైనా వాళ్లకే ఇక్కడ నూలు వడకడం గిట్టుబాటైంది. మంచిదే. కానీ పక్కన ఒక్క ఊళ్లో పోయినవి వేలల్లో, అంత పెట్టుబడితో వస్తామన్నవి 501.

దేశం మొత్తం లెక్క చూసినా అంతే. 1979లో ఫ్యాక్టరీ ఉద్యోగాలు 1.95 కోట్లు, 2010 మొదటికి 1.15 కోట్లు. అప్పట్నుంచి ఇంత ప్రయత్నం జరిగినా ఇంకా 1.3 కోట్లకు చేరలేదు. 2018లో దిగుమతి వాషింగ్ మెషీన్ల మీద సుంకం వేస్తే దాదాపు 1,800 ఉద్యోగాలు వచ్చాయని, ఒక్కో ఉద్యోగానికి కొనుగోలుదారుల జేబులోంచి ఏటా సుమారు 8 లక్షల డాలర్లు పోయాయని ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. ఆ డబ్బు కూడా మధ్యతరగతి ఇళ్లలోంచే కదా.

ఇంకో చిక్కు పనితనం. పని వెళ్లిపోతే పని తెలిసినవాళ్లూ చెల్లాచెదురవుతారు. అరిజోనాలోని ఫీనిక్స్‌లో చిప్‌ల ఫ్యాక్టరీ కడుతున్న తైవాన్ కంపెనీ టీఎస్ఎంసీ, మెషీన్లు బిగించే నిపుణులు దొరక్క 2023లో గడువు వెనక్కి జరిపి, తైవాన్ నుంచి మనుషుల్ని రప్పించింది. ఆ వార్త చదివినప్పుడు నాకు ఆ పెన్సిల్ రాతల నోట్‌బుక్కే గుర్తొచ్చింది.

కన్నాపోలిస్‌లో తువ్వాళ్లు కుట్టిన ఆ తల్లికి ఇల్లు కొనిపెట్టింది మిల్లు గోడలని నేను అనుకోను. చేసిన పనికి తగిన కూలి వచ్చింది, జీతానికి తగ్గట్టు ఇళ్ల ధరలున్నాయి, ఏడాది తర్వాత కూడా పని ఉంటుందన్న ధైర్యం ఉంది. ఇప్పుడు ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు, 2009 నుంచి ఒక్క సెంటు పెరగలేదు. 1983లో ప్రతి వంద మంది ఉద్యోగుల్లో ఇరవై మంది యూనియన్లలో ఉండేవారు, ఇప్పుడు పది మంది. కన్నాపోలిస్ కార్మికులు పాతికేళ్లు పోరాడి 1999లో యూనియన్ తెచ్చుకున్నారు. నాలుగేళ్లకే మిల్లు లేదు. ఇవి మారకుండా ఫ్యాక్టరీ ఒక్కటే వస్తే అందులో ఉద్యోగి ఇల్లు కొనగలడని నాకు నమ్మకం లేదు.

దిగుమతుల వల్ల ఉద్యోగం పోయినవాళ్లకు చదువు చెప్పించే ప్రభుత్వ పథకం ఒకటుండేది. మిల్లు పోయాక కన్నాపోలిస్ వాళ్లలో చాలామంది దాంతోనే కమ్యూనిటీ కాలేజీలో చేరారు. హైస్కూల్ కూడా పూర్తిచేయని వాళ్లు యాభై ఏళ్ల వయసులో బెంచీల మీద కూర్చున్నారు. 2022 జులై నుంచి ఆ పథకంలోకి కొత్తవాళ్లను తీసుకోవడం లేదు. ఉద్యోగాలు వెనక్కి తెస్తామని అన్ని పార్టీలూ చెబుతున్న రోజుల్లో దీన్ని ఆపేయడం చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

మనవాళ్లు అడిగే ప్రశ్న ఇంకొకటి ఉంది, వీసాలు ఆపేస్తే ఇక్కడివాళ్లకు ఉద్యోగాలు దొరుకుతాయా అని. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీకి లక్ష డాలర్ల ఫీజు పెట్టారు. నా అనుభవం ప్రకారం మనిషిని ఇటు రానివ్వకపోతే పనే అటు వెళ్తుంది. 2006లో మేం నలుగురం ఇక్కడికి వస్తే, మిగతా టీమంతా హైదరాబాద్‌లోనే ఉంది.

ఉద్యోగాలు తేవద్దని నేను అనడం లేదు. తెచ్చే కంపెనీకి పన్ను రాయితీ ఇస్తే, జీతం ఎంత, ఇన్సూరెన్స్ ఉందా, కొత్తవాళ్లకు పని నేర్పుతారా అని రాయించుకుని ఇవ్వాలంటున్నాను.

రెండేళ్ల క్రితం మా మేనేజర్‌ని పదే పదే అడిగి, కమ్యూనిటీ కాలేజీ నుంచి ఇద్దరిని అప్రెంటిస్‌లుగా తీసుకునేలా చేశాను. మొదటి రోజు నుంచే జీతం, ఇన్సూరెన్స్. ఒకమ్మాయిది కన్నాపోలిస్, వాళ్ల నాయనమ్మ మిల్లులో పనిచేశారట. ఆ నోట్‌బుక్ ఇప్పుడు ఆ అమ్మాయి డెస్క్ మీద ఉంది. పోయిన నెలాఖరు బ్యాచ్‌ని నన్ను పిలవకుండా తనే నడిపింది.